పెద్ద విస్తీర్ణంలో అడవిని తిరిగి నిలబెట్టాలంటే: భాగస్వామ్యాన్ని మొదటి నుంచి కట్టుకునే పద్ధతి

వేల ఎకరాల్లో అడవి కోలుకునేలా చేయాలనుకునే బృందాలు పదే పదే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎవరిని ఎప్పుడు కలుపుకోవాలి? ఏ కాగితం ముందు రాసుకోవాలి? డబ్బు ఎవరి చేతిలో ఉండాలి? గుంతల కొలతల గురించి, మొక్కల ఎంపిక గురించి సమాచారం బాగానే దొరుకుతోంది. అటవీ శాఖ, చుట్టుపక్కల ఊళ్లు, ఆదివాసీ సమాజాలు, పరిశోధకులు, దాతలు, కలప కొనేవాళ్లు ఒకే పని మీద పదిహేనేళ్లు కలిసి ఉండటం ఎలాగో చెప్పేది మాత్రం తక్కువ. ఈ మార్గదర్శి అందుకోసమే రాశాను.

మొదటి మొక్క నాటడానికి కనీసం ఏడాది ముందు ఈ పని మొదలవ్వాలి. ఆ ఏడాదిని వృథా కింద లెక్కేసి దాటేసిన చోట, మూడో ఏడాదికల్లా మొక్కలు పశువుల పాలవడమో, సంతకం చేసినవాళ్లు ఫోన్ ఎత్తకపోవడమో జరుగుతుంది. కింది మెట్లను ఇదే వరసలో చేయండి. రెండో మెట్టును మాత్రం ఎంత తొందరున్నా దాటవద్దు.

## 1. భాగస్వామ్యం నిజంగా అవసరమా?

ఒకే యజమాని చేతిలో ఉన్న చిన్న ముక్క అయితే అవసరం లేదు. ఒక మంచి పర్యవేక్షకుడు, నాలుగేళ్ల ఖర్చు చాలు.

కార్చిచ్చు, వాగు నీరు, కలుపు మొక్కల విత్తనాలు, మేతకొచ్చే పశువులు, అడవి జంతువులు ఇవేవీ మీ హద్దు దగ్గర ఆగకపోతే అప్పుడు భాగస్వామ్యం కావాలి. మీ సమస్యకు కారణం మీ హద్దు బయట ఉందా అని అడగండి. అవునంటే ఆ బయట ఉన్నవాళ్లు మీ బల్ల దగ్గర ఉండాలి.

## 2. ముందు హక్కుల పటం, తర్వాతే పునరుద్ధరణ పటం

చాలా ప్రాజెక్టులు ఉపగ్రహ చిత్రంతో మొదలవుతాయి. పచ్చదనం తగ్గిన చోట ఎర్ర రంగు వేసి, ‘ఇక్కడ నాటుదాం’ అంటారు. ఆ ఎర్ర రంగు కింద ఎవరి మేత బీడు ఉందో, ఎవరి శ్మశానం ఉందో, ఎవరు ఏ నెలలో వంటచెరకు ఏరుకుంటారో చిత్రంలో కనబడదు.

అందుకే మొదటి పటం మనుషులది. అందులో ఈ పొరలు విడివిడిగా ఉండాలి:

- రికార్డుల ప్రకారం భూమి ఎవరిది
- వాడుక ప్రకారం ఎవరిది (రికార్డుల్లో లేకపోయినా)
- ఏడాదిలో కొన్ని వారాలే వచ్చే సంచార పశుపోషకులు నడిచే దారులు, ఆగే చోట్లు
- వంటచెరకు, ఆకులు, తేనె, దుంపలు, మందు మొక్కలు ఎవరు ఎక్కడ సేకరిస్తారు
- పూజా స్థలాలు, సమాధులు
- దిగువన ఈ నీటి మీద ఆధారపడే ఊళ్లు
- వివాదంలో ఉన్న ముక్కలు, కోర్టులో ఉన్నవైనా, ఊరి మధ్య మాటల్లో ఉన్నవైనా

దీన్ని ఆఫీసులో కూర్చుని చేయలేరు. నడిచి చేయాలి. ప్రతి ఊరి నుంచి ఒక పెద్దవయసు మనిషిని, ఒక యువకుణ్ని, అడవిలోకి రోజూ వెళ్లే ఇద్దరు ఆడవాళ్లను పిలవండి. మగవాళ్లను మాత్రమే అడిగితే కలప చెట్ల సంగతి వస్తుంది, వంటచెరకు దారులు పటంలోకి రావు. ఆ దారులకు కంచె వేసినప్పుడే మొదటి కంచె తెగుతుంది.

హక్కు ఎంత పని చేస్తుందో చెప్పడానికి నైజర్ అనుభవం చాలు. అక్కడ పొలాల్లోని చెట్లు ప్రభుత్వానివన్న నిబంధన ఉన్నంతకాలం రైతులు పిలకలను దున్నేశారు. ఆ చెట్టు తమదేనన్న నమ్మకం కలిగాక, 1980ల నుంచి మోడుల పిలకలను వాళ్లే కాపాడుకుంటూ వచ్చారు. దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. అక్కడ పెద్దగా నాటిందేమీ లేదు.

ఆదివాసీ సమాజాల భూమి మీద పని చేయబోతుంటే వాళ్ల స్వేచ్ఛాయుత, ముందస్తు, సమాచారంతో కూడిన సమ్మతి తప్పనిసరి. 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన చెప్పేది ఇదే. ముందస్తు అంటే డిజైన్ పూర్తి కాకముందే. సమాచారం అంటే వాళ్ల భాషలో, నష్టాలతో సహా. స్వేచ్ఛ అంటే ‘వద్దు’ అన్నా మరో పథకం ఆగిపోదన్న భరోసా. ఒక సభలో వేలిముద్రలు తీసుకుని దాన్నే సమ్మతి అనుకోవద్దు. వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఎంత సమయం కావాలో వాళ్లే చెప్పాలి.

తరచూ జరిగే తప్పు: వివాదంలో ఉన్న ముక్కను విస్తీర్ణం లెక్క కోసం కలుపుకోవడం.

సరిచేసే దారి: దాన్ని పటంలో వేరే రంగుతో గుర్తించి, మొదటి మూడేళ్ల పనిలోంచి తీసేయండి. వివాదం లేని చోట పని కనబడటం మొదలయ్యాక అదే ముక్క గురించి మాట్లాడటం తేలికవుతుంది.

## 3. బల్ల చుట్టూ ఎవరుండాలి

మూడు ప్రశ్నలతో జాబితా రాయండి. ఈ పనిని ఆపగలిగేది ఎవరు? దీనివల్ల ఏదైనా కోల్పోయేది ఎవరు? పదిహేనేళ్ల తర్వాత కూడా ఇక్కడే ఉండేది ఎవరు?

ఆహ్వానాలు సాధారణంగా మొదటి ప్రశ్నకు జవాబైన వాళ్లకే వెళ్తాయి, అంటే అధికారులకు, సంస్థలకు. రెండో జాబితా వాళ్లను పిలవడానికి చాలామంది భయపడతారు. మేత కోల్పోయే పశువుల కాపరి, చిన్న దుంగలు కోసుకుని బతికే కోత మిల్లు యజమాని, పర్యాటకుల్ని తిప్పే గైడు గదిలో ఉంటే చర్చ కష్టమవుతుందని వాళ్ల భయం. కష్టమే. ఆ కష్టం గదిలో పడితే కొన్ని గంటల్లో తేలుతుంది, అడవిలో పడితే ఏళ్లు పడుతుంది.

నిర్ణయాలు తీసుకునే ప్రధాన బృందాన్ని పది పన్నెండు మందికి మించనివ్వకండి. మిగతావాళ్లు నీరు, అగ్ని, విత్తనాలు, జీవనోపాధి, లెక్కలు వంటి చిన్న పని బృందాల్లో ఉంటారు. ప్రతి పని బృందం నుంచి ఒకరు ప్రధాన బృందంలో ఉండాలి.

సమన్వయకర్త ఒకరు కావాలి, జీతంతో. ఏదో ఒక భాగస్వామి సంస్థ ఉద్యోగి ‘అదనపు బాధ్యత’గా చేస్తే కుదరదు. అతని పై అధికారి పిలిచిన రోజు మీ సమావేశం వాయిదా పడుతుంది. పైగా తగాదా వచ్చినప్పుడు అతను ఒక పక్షం మనిషిగానే కనిపిస్తాడు. జీతం ఉమ్మడి నిధి నుంచి ఇవ్వండి, తీసేసే అధికారం ప్రధాన బృందం మొత్తానికీ ఉంచండి.

పిలిచేముందు సరిచూసుకోండి:

- సమావేశం అందరికీ అర్థమయ్యే భాషలో ఉందా? లేకపోతే అనువాదకుడు ఉన్నాడా?
- రోజుకూలీ వదులుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలీ, ప్రయాణ ఖర్చు ఇస్తున్నారా? జీతం మీద వచ్చే అధికారి పక్కన కూలీ పోగొట్టుకున్న మనిషి కూర్చుంటే వాళ్లు సమాన భాగస్వాములు కారు
- సమావేశాలు ఒకసారి పట్టణంలో, ఒకసారి ఊళ్లో జరుగుతున్నాయా?
- ప్రతి సభ్యుడికీ ప్రత్యామ్నాయ సభ్యుడు పేరుతో సహా ఉన్నాడా?
- వచ్చిన మనిషికి తన సంస్థ తరఫున మాట ఇచ్చే అధికారం ఉందా?

## 4. అందరూ ఒకే నేల మీద నిలబడి చూడటం

లక్ష్యాల గురించి చర్చ గదిలో మొదలుపెడితే ఎవరి పాట వాళ్లు పాడతారు. ముందు కలిసి నడవండి. కనీసం మూడు చోట్లు చూడండి: బాగా ఉన్న అడవి, మధ్యస్థంగా దెబ్బతిన్నది, పూర్తిగా పాడైనది. ప్రతి చోటా ఒకే నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ముప్పై, నలభై ఏళ్ల కింద ఇక్కడ ఏముండేది?
2. ఏది మారింది, ఎందుకు?
3. ఇప్పుడు దానంతట అది తిరిగి వస్తోందా? మోడుల నుంచి పిలకలు, చెట్ల కింద మొలకలు కనబడుతున్నాయా?
4. దాన్ని ఆపుతున్నది ఏమిటి? మేతా, నిప్పా, కలుపా, నేల కోతా?

బాగా ఉన్న ఆ అడవే మీ నమూనా. పునరుద్ధరణ పరిభాషలో దాన్ని ఆధార జీవావరణం అంటారు. ఏ జాతులు, ఎంత దట్టంగా, ఎన్ని అంతస్తులుగా ఉన్నాయో అక్కడే లెక్కపెట్టుకోండి.

ఒక హెచ్చరిక. చెట్లు లేని ప్రతి చోటూ పాడైన అడవి కాదు. సహజంగానే గడ్డి మైదానమైన చోట, చెట్లు పలచగా ఉండే సవన్నాలో దట్టంగా మొక్కలు నాటితే అక్కడి గడ్డి జాతులకూ, వాటి మీద బతికే పక్షులకూ, మేతకూ హాని చేసినట్టే. మొదటి ప్రశ్నకు పెద్దవాళ్లు ‘ఎప్పుడూ గడ్డే’ అంటే అక్కడ ఆగిపోండి.

మూడో ప్రశ్న మీ బడ్జెట్‌ను సగానికి సగం మార్చేయగలదు. ఇథియోపియాలోని హుంబోలో 2,728 హెక్టార్ల కొండ ప్రాంతాన్ని స్థానికుల 7 సహకార సంఘాలకు అప్పగించారు. మేతను, నరుకుడును నియంత్రించి, బతికున్న మోడుల పిలకలను ఏరి పెంచారు. అక్కడ తిరిగి వచ్చిన అడవిలో ఎక్కువ భాగం అలా వచ్చిందే. వేళ్లు బతికున్న చోట కాపలాకే ఖర్చు పెట్టండి. విత్తనం అందుబాటులో లేని చోట, నేల పూర్తిగా కొట్టుకుపోయిన చోట మాత్రమే నాటండి.

ఈ నడకల చివర ఒక పేజీ రాయండి, అందరూ ఒప్పుకున్న వాస్తవాలు మాత్రమే. అభిప్రాయాలు వద్దు. ఒప్పుకోని వాటిని ‘ఇంకా కొలవాల్సినవి’ అని కింద రాసి, ఎవరు ఎప్పటికి కొలుస్తారో పక్కన పెట్టండి.

## 5. ఒప్పుకున్న చోట మొదలుపెట్టడం

అన్నింటి మీదా ఏకాభిప్రాయం కోసం ఆగితే పని మొదలవదు. మెజారిటీతో నెట్టుకుపోతే మైనారిటీ వెళ్లిపోతుంది. మధ్యలో పనిచేసే దారి ఒకటుంది. ఉత్తర కాలిఫోర్నియాలో కరుక్ ఆదివాసీ సమాజం, అటవీ శాఖ, స్థానిక అగ్ని మాపక బృందాలు, పర్యావరణ సంఘాలు కలిసిన పశ్చిమ క్లామత్ పునరుద్ధరణ భాగస్వామ్యం ఆ దారి పట్టింది. ఏ చోట, ఏ రకం పని మీద అందరికీ సమ్మతి ఉందో ముందు గుర్తించి అక్కడి నుంచి మొదలుపెట్టడం. వాళ్లు దాన్ని ఒప్పుదల మండలం అంటారు. అంతకుముందు దశాబ్దాల పాటు ఒకరి మీద ఒకరు వాదించుకున్న పక్షాలు అవి.

మీరూ చేయవచ్చు. పటాన్ని, చేయదలచిన పనుల జాబితాను తీసుకుని ప్రతి పనినీ మూడింట్లో ఒక వరసలో పెట్టండి:

- ఇప్పుడే చేయవచ్చు: ఎవరికీ అభ్యంతరం లేదు. ఉదాహరణకు ఊళ్ల చుట్టూ అగ్ని నిరోధక రేఖలు (నిప్పు దాటకుండా ఎండుటాకులు, గడ్డి తీసేసిన పట్టీలు), ఊటల దగ్గర కలుపు తీత
- షరతులతో చేయవచ్చు: పెద్ద చెట్లు ముట్టకూడదు, ఫలానా నెలలో చేయకూడదు వంటివి. షరతును అడిగినవాళ్ల మాటల్లోనే రాయండి
- ఇప్పుడు వద్దు: ఏడాదికి ఒకసారి మాత్రమే మళ్లీ చర్చ. మధ్యలో ఎవరూ గోకకూడదు

మొదటి వరసలోంచి ఒక చిన్న పని ఎంచుకోండి. ఒకే కాలంలో పూర్తయ్యేది, కళ్లకు కనబడేది, అన్ని పక్షాల మనుషులూ చేతులు పెట్టేది అయ్యుండాలి. నమ్మకం పుట్టేది ఇక్కడే, అందుకే ఆ పని ఎంపిక మీద మంచి సమయం పెట్టండి.

## 6. ఒప్పందం రాయడం

అవగాహన ఒప్పందాలు చాలావరకు మంచి మాటలతో నిండి ఉంటాయి: ‘పరస్పర సహకారం’, ‘సుస్థిర అభివృద్ధి’. ఎవరైనా ఒప్పుకోని రోజున ఏం చేయాలో వాటిలో ఉండదు. నేను చూసినంతలో ఒప్పందం విలువ తెలిసేది ఆ రోజే.

రెండు కాగితాలు వేరువేరుగా ఉంచండి. మొదటిది అందరూ సంతకం చేసే ఉమ్మడి ఒప్పందం. అందులో డబ్బు బదిలీ ఉండదు, పద్ధతులే ఉంటాయి. రెండోది ఇద్దరు ముగ్గురి మధ్య జరిగే పని ఒప్పందాలు. పని, ధర, గడువు, బాధ్యత అందులో ఉంటాయి. రెండూ కలిపేస్తే ఒక బిల్లు మీద తగాదా మొత్తం భాగస్వామ్యాన్నే ఆపేస్తుంది.

ఉమ్మడి ఒప్పందంలో ఈ అంశాలకు స్పష్టమైన జవాబు ఉండాలి.

నిర్ణయం ఎలా తీసుకుంటారు? మూడు స్థాయిలు పెట్టుకోండి: ‘పూర్తిగా ఒప్పుకుంటున్నా’, ‘సందేహాలున్నాయి కానీ అడ్డుపడను’, ‘ఇలా అయితే ఒప్పుకోను’. మూడోది చెప్పినవాళ్లు తర్వాతి సమావేశానికి ప్రత్యామ్నాయం తేవాలి. రెండు సమావేశాల తర్వాత కూడా తేలకపోతే ఆ అంశం ‘ఇప్పుడు వద్దు’ వరసలోకి పోతుంది. చట్టప్రకారం తుది సంతకం ప్రభుత్వ అధికారిదే అయిన చోట ఆ సంగతి దాచకండి. బృందం సిఫారసును కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని రాసుకోండి.

ఫలం ఎవరికి? మేత, ఆకులు, పండ్లు, పలచన చేసినప్పుడు వచ్చే కలప, పర్యాటక ఆదాయం, కార్బన్ క్రెడిట్లు (అడవి పీల్చుకున్న కార్బన్‌కు లెక్కగట్టి అమ్ముకునే పత్రాలు). ఒక్కొక్కదానికి వాటా, చెల్లించే గడువు రాయండి. కార్బన్ సంగతి ‘తర్వాత చూద్దాం’ అని వదిలేయడం ప్రమాదం. విలువ తెలిశాక ఎవరూ వెనక్కి తగ్గరు.

నియమం తప్పితే? ఉమ్మడి వనరుల మీద పరిశోధనకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, తరాల పాటు నిలిచిన ఉమ్మడి అడవుల్లోనూ సాగునీటి వ్యవస్థల్లోనూ కొన్ని లక్షణాలు కనబడతాయని చూపించారు. హద్దులు స్పష్టంగా ఉంటాయి. నిఘా పెట్టేవాళ్లు వాడుకునేవాళ్లకు జవాబుదారీగా ఉంటారు. శిక్ష మెట్లుమెట్లుగా పెరుగుతుంది. తగాదా తీర్చే చోటు దగ్గరలో, తక్కువ ఖర్చుతో ఉంటుంది. మొదటి తప్పుకు మాట, రెండో తప్పుకు చిన్న జరిమానా, మూడోదానికి కొంతకాలం హక్కు నిలిపివేత. మొదటిసారే పోలీసు కేసు పెడితే ఆ కుటుంబం మొత్తం అడవికి దూరమవుతుంది.

నిప్పు అదుపు తప్పితే? నియంత్రిత దహనం, అంటే కావాలనే అదుపులో నిప్పు పెట్టడం, చేసే ప్రాంతాల్లో ఎవరు బాధ్యులు, ఎవరికి బీమా ఉంది, ఎవరు ఆపమంటే ఆపాలి అన్నది ముందే రాయాలి.

సమాచారం ఎవరిది? పవిత్ర స్థలాల పటం, మందు మొక్కల చోట్లు, అరుదైన జంతువుల గూళ్లు బయటకు ఇవ్వకూడదు. ఆ సమాచారం ఇచ్చిన సమాజం అనుమతి లేనిదే ఏ నివేదికలోనూ రాకూడదు.

విడిపోవాలంటే? ఎన్ని నెలల ముందు చెప్పాలి, కొన్న పనిముట్లు ఎవరికి, సగంలో ఉన్న పని ఎవరు పూర్తి చేస్తారు.

సంతకానికి ముందు ముసాయిదాను ప్రతి ఊళ్లో బిగ్గరగా చదివించండి. చదివి వినిపించలేని ఒప్పందం పొడవు ఎక్కువైందని అర్థం.

## 7. డబ్బు: నాటేందుకు దొరుకుతుంది, కాపాడేందుకు దొరకదు

దాతలకు మొక్కల సంఖ్య కావాలి. కాపలాదారుడి జీతానికి ఫొటో ఉండదు. అందుకే బడ్జెట్‌లో కింది పద్దులు మొదటి రోజే విడిగా రాసి, వాటికి నిధి లేకపోతే విస్తీర్ణం తగ్గించండి:

- సమన్వయకర్త జీతం, సమావేశాల ఖర్చు, సభ్యుల కూలీ
- హక్కుల పటం, ఉమ్మడి నడకలు
- విత్తన సేకరణ, నర్సరీ
- కలుపు తిరిగి తీయడం, కనీసం మూడేళ్లు
- చనిపోయిన మొక్కల స్థానంలో మళ్లీ నాటడం
- అగ్ని నిరోధక రేఖలు, ప్రతి ఏడాదీ
- పర్యవేక్షణ, పదేళ్లకు పైబడి
- అనుకోని నష్టానికి నిల్వ

అమెరికాలో 2009లో చట్టం ద్వారా వచ్చిన సహకార అటవీ భూదృశ్య పునరుద్ధరణ కార్యక్రమం నుంచి నేర్చుకోదగ్గవి మూడున్నాయి. కనీసం 50,000 ఎకరాల భూదృశ్యం ఉన్న ప్రాజెక్టులకే నిధి. పని మొదలైన తర్వాత కనీసం 15 ఏళ్లు అన్ని పక్షాలూ కలిసి పర్యవేక్షించాలి. ఆ నిధి ప్రాజెక్టు ఖర్చులో సగం వరకే ఇస్తుంది, మిగతాది వేరే మార్గాల్లో సమకూరాలి. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ మూడో సూత్రాన్ని స్వయంగా పెట్టుకోండి. ఒకే దాత చేతిలో సగానికి మించి ఉంటే అతని ప్రాధాన్యం మారిన రోజు పని ఆగిపోతుంది.

అదే కార్యక్రమంలోని పెద్ద ప్రాజెక్టు ఒకటి ఇంకో పాఠం చెబుతుంది. ఉత్తర అరిజోనాలో నాలుగు జాతీయ అడవుల్లో 24 లక్షల ఎకరాల పాండరోసా పైన్ అడవిని పలచన చేసి, మహా దావానలాల ముప్పు తగ్గించాలన్నది లక్ష్యం. సమ్మతి కుదిరింది, శాస్త్రం స్పష్టంగా ఉంది. కానీ తీయాల్సిన సన్నటి దుంగలకూ కొమ్మల చెత్తకూ కొనేవాళ్లు దొరకలేదు. యాంత్రికంగా పలచన చేసే పని అనుకున్న వేగం ఎన్నడూ అందుకోలేదు. 2021లో రెండో దశ టెండరును అటవీ శాఖ రద్దు చేసింది.

కాబట్టి పనిలోంచి బయటపడే పదార్థం ఎక్కడికి పోతుందో ముందే చూడండి. సన్న కలప, వెదురు, తీసేసిన కలుపు పొదలు, ఏదైనా సరే. కొనేవాణ్ని రెండో ఏడాది వెతకడం కాకుండా మూడో మెట్టులోనే బల్ల దగ్గరకు తేవాలి. కొనేవాడి సామర్థ్యాన్ని బట్టే ఏడాదికి ఎన్ని ఎకరాలో నిర్ణయించండి.

సంరక్షణకు స్థిరమైన ఆదాయం కావాలంటే నేపాల్ సముదాయ అటవీ సంఘాల పద్ధతి చూడండి. 1993 అటవీ చట్టం తర్వాత ఆ సంఘాల సంఖ్య 20 వేలు దాటింది. ఆదాయంలో కనీసం 25 శాతం తిరిగి అడవి అభివృద్ధికే ఖర్చు చేయాలన్న నియమం వాటికి ఉంది. మీ ఒప్పందంలోనూ ఇలాంటి శాతం ఒకటి ఉండనివ్వండి.

## 8. పని వరస

నాటే కాలం నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

పన్నెండు నెలల ముందు: హక్కుల పటం, ఉమ్మడి నడక, ఆధార అడవి లెక్క. ఏ జాతి ఎప్పుడు విత్తనం ఇస్తుందో పట్టిక.

విత్తనం రాలే కాలం: ఇక్కడ పప్పులో కాలేసేవాళ్లు ఎక్కువ. కొన్ని జాతుల విత్తనం నిల్వ ఉండదు. సాల చెట్టు విత్తనం రాలిన వారం పది రోజుల్లోనే మొలకెత్తే శక్తి చాలావరకు కోల్పోతుంది. నిధుల విడుదల ఆ పది రోజులు దాటితే ఆ జాతి ఏడాది ఆలస్యమైనట్టే. విత్తన సేకరణకు విడిగా, ముందస్తుగా డబ్బు ఉంచండి. సేకరణను స్థానికులకే అప్పగించడం మేలు. బ్రెజిల్‌లో షింగూ నదీ పరీవాహకంలో 2007 నుంచి నడుస్తున్న విత్తన నెట్‌వర్క్‌లో ఆదివాసీలు, చిన్న రైతులు వందల మంది సేకరణతోనే ఆదాయం పొందుతున్నారు. రకరకాల స్థానిక విత్తనాలను కలిపి నేరుగా నేలలో చల్లే పద్ధతికి ఆ విత్తనమే ఆధారం.

ఆరు నుంచి తొమ్మిది నెలల ముందు: నర్సరీ. ఊళ్ల దగ్గర చిన్న నర్సరీలు రెండు మూడు ఉండటం ఒక్క పెద్ద నర్సరీ కంటే భద్రం. తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోవు.

మూడు నెలల ముందు: మేత ఒప్పందాలు అమల్లోకి. ఏ ముక్క మూస్తున్నారో, బదులుగా ఏ ముక్క తెరుస్తున్నారో ఒకే రోజు ప్రకటించండి. మూసివేత ముందు, ప్రత్యామ్నాయం తర్వాత అంటే ఎవరూ నమ్మరు.

నాటే ముందు: నేల కోత ఉన్న చోట కాంటూరు కందకాలు (వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో తవ్వేవి), వాగుల్లో రాతి కట్టలు. లాంటానా లాంటి దురాక్రమణ పొదలను వేరు మొదలుతో తీయాలి. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది.

నాటాక: మొదటి మూడు ఎండాకాలాలు దాటడమే అసలు పరీక్ష. కాపలా, కలుపు, నిప్పు గస్తీ పేర్లతో సహా పట్టికలో ఉండాలి.

మొదటి ఏడాది మొత్తం విస్తీర్ణంలో ఐదు శాతానికి మించి పని పెట్టుకోకండి. తెలిసినవి సరిదిద్దుకుని రెండో ఏడాది పెంచండి.

## 9. అందరూ కలిసి కొలవడం

ఒకరు చేసి, ఒకరు డబ్బిచ్చి, మూడోవాళ్లు కొలిస్తే ఆ అంకెల్ని ఎవరూ నమ్మరు. కొలిచే బృందంలో ప్రతి పక్షం నుంచీ మనిషి ఉండాలి. అభ్యంతరం చెప్పేవాళ్లు తప్పకుండా ఉండాలి. వాళ్ల చేతికి టేపు ఇవ్వండి.

సూచికలు ఆరేడు చాలు: బతికిన మొక్కల శాతం, సహజ మొలకల సంఖ్య, స్థానిక జాతుల సంఖ్య, నేల మీద ఆచ్ఛాదన, ఊటల్లో నీరు నిలిచే కాలం, కాలిపోయిన విస్తీర్ణం, ఇళ్లకు చేరిన ఆదాయం. శాశ్వత నమూనా గడులను, అంటే ప్రతి ఏడాదీ కొలిచే చిన్న ముక్కలను, గుర్తురాళ్లతో స్థిరపరచండి. ప్రతి ఏడాదీ అదే చోటు నుంచి, అదే దిశలో, అదే నెలలో ఫొటో తీయండి.

అంకెకు పర్యవసానం జత చేయండి. ఉదాహరణకు, ‘మొదటి ఏడాది చివర బతికినవి 60 శాతానికి తగ్గితే కొత్త ముక్కల్లో నాటడం ఆపి, కారణం తేల్చాకే ముందుకు’ అని ముందే రాసుకోండి. హద్దు అంకె మీ అడవిని బట్టి మారుతుంది. ముందే రాసి ఉంటే తప్పెవరిదన్న వాదన తగ్గుతుంది.

## 10. ఇరుక్కుపోయినప్పుడు

సమావేశాలకు రావడం తగ్గింది. వాళ్లు చెప్పినది పోయినసారి మినిట్స్‌లో ఉందా, అమలైందా అని చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. విడిగా వెళ్లి కలవండి, సమావేశంలో నిలదీయకండి.

కొత్త అధికారి వచ్చాడు, పాత మాటలు తెలియవు. బదిలీలు ఆగవు. వచ్చిన నెలలోపే ఒక రోజు క్షేత్ర నడక, పది పేజీల ఫైలు, పాత అధికారితో ఒక ఫోన్ ఏర్పాటు చేయడం సమన్వయకర్త పనిగా ఒప్పందంలోనే రాయండి.

కంచె తెంపేశారు. కాపలా పెంచే ముందు తెంపినవాళ్ల దారి ఎటు పోతుందో చూడండి. చాలా సందర్భాల్లో ఒక గేటు పెడితే సరిపోతుంది.

ఒక సంస్థ తన బోర్డు పెట్టుకుని పని అంతా తనదే అంటోంది. ప్రచారానికీ నియమం కావాలి. ఫొటో, బోర్డు, నివేదిక ఏదైనా అందరి పేర్లూ ఒకే సైజులో ఉండాలి. ఊరి పేరు ముందు రావాలి.

మొక్కలు పెద్దఎత్తున చనిపోయాయి. దాచవద్దు. రెండు వారాల్లో అందరినీ ఆ చోటుకు తీసుకెళ్లండి. నివేదికలో తెలిసేదానికంటే నేల మీద ముందు తెలిస్తే నమ్మకం మిగులుతుంది.

## 11. సంరక్షణ దశకు అప్పగింత

ప్రాజెక్టు ముగింపు తేదీకి కనీసం రెండేళ్ల ముందు అప్పగింత మొదలవ్వాలి. మొదటి ఏడాది స్థానిక సంఘం మీతో కలిసి చేస్తుంది. రెండో ఏడాది వాళ్లు చేస్తారు, మీరు పక్కన ఉంటారు. చివరి నెలలో తాళాలు అందించి వెళ్లిపోయిన చోట్ల జీపు నెలలోపే మూలపడుతుంది.

అప్పగింత రోజుకు ఇవన్నీ వాళ్ల చేతిలో ఉండాలి:

- హక్కుల పటం, ఒప్పందం, మినిట్స్, వాళ్ల భాషలో
- నమూనా గడుల చోట్లు, అన్ని ఏళ్ల అంకెలు, ఫొటోలు
- విత్తన చెట్ల జాబితా, పండే నెలలు
- బ్యాంకు ఖాతా, సంతకం అధికారం ఉన్న కనీసం ముగ్గురి పేర్లు, అందులో ఆడవాళ్లు
- రాబోయే ఐదేళ్ల ఏడాదివారీ పని పట్టిక, ఖర్చు, ఆ ఖర్చు వచ్చే మార్గం
- నిప్పు, జబ్బు, ఆక్రమణ వస్తే ఎవరికి చెప్పాలో, చట్టప్రకారం ఎవరు ఏం చేయాలో

వెళ్లిపోయే సంస్థలు కూడా ఏడాదికి ఒకసారి ఉమ్మడి నడకకు తిరిగి రావాలని ఒప్పందంలో ఉంచండి. ఆ నడక తేదీ ఎండాకాలం మొదట్లో, నిప్పు కాలానికి ముందు పెట్టుకుంటే అగ్ని నిరోధక రేఖలు తుడిచి ఉన్నాయో లేదో అందరి కళ్ల ముందే తేలుతుంది, లేకపోతే అక్కడికక్కడే కూలీలను పెట్టుకునే వ్యవధి ఉంటుంది.